రాతి మీద ఫిర్యాదు

ఇంగ్లండు నడిభాగంలో లెస్టర్‌షైర్, నాటింగ్‌హామ్‌షైర్, లింకన్‌షైర్ కలిసేచోట బీవర్ లోయ ఉంది. చదునైన పొలాలు, ఒక మిట్ట మీద బీవర్ కోట, కోటకు నాలుగైదు మైళ్ళలో బాటెస్‌ఫర్డ్ ఊరు. ఊరి పారిష్ చర్చి పేరు సెయింట్ మేరీస్. దాని శిఖరం 210 అడుగులు దాటి ఉంటుంది, లోయలో ఎక్కడ నిలబడినా కనిపిస్తుంది. కోటలో ఉండే మానర్స్ వంశం వాళ్ళు, అంటే రట్లండ్ ఎర్ల్‌లు, మొదటివాడి నుంచి ఎనిమిదోవాడి దాకా పోయాక వచ్చి చేరింది ఈ చర్చికే. బలిపీఠం ఉన్న తూర్పు భాగమంతా వాళ్ళ సమాధులే. మధ్యలో నడవడానికి దారి మాత్రం మిగిలింది.

ఈ వాదన పెట్టుకున్న ఇద్దరూ నాకు బాగా తెలిసినవాళ్ళు. మామయ్య గుంటూరులో వైద్యం చదివి, ఇక్కడి ఆసుపత్రుల్లో పిల్లల డాక్టరుగా పనిచేసి, రిటైరయ్యాక ఈ ఊళ్ళోనే ఇల్లు కొనుక్కున్నాడు. మేనకోడలు హైదరాబాదులో వకీలు, సెలవులకు వచ్చింది. ఆదివారం ప్రార్థన ముగిసి జనం వెళ్ళిపోయాక ఆరో ఎర్ల్ సమాధి ముందు మొదలైంది. నేను మధ్యలో కల్పించుకోలేదు. కల్పించుకోనిచ్చేవాళ్ళూ కాదు.

మేనకోడలు: ఇదేం సమాధి మామయ్యా, మేడ కట్టినట్టుంది! ఇంకాస్త పెరిగితే కప్పుకి తగిలేది.

మామయ్య: తగలకుండా కప్పే లేపారంటారు. ఇతను ఫ్రాన్సిస్ మానర్స్, ఆరో ఎర్ల్. 1632లో పోయాడు. ఆయనా, ఇద్దరు భార్యలూ. ముగ్గురూ ఒకే సమాధి మీద, ఒక్కొక్కరు ఒక్కో మెట్టు మీద. ఇంకా నయం, ఇటు చూడు. ఈయన తాతగారు, రెండో ఎర్ల్. భార్యాభర్తలిద్దరూ పడుకున్న చోట పైన ఏముందో చూశావా?

మేనకోడలు: భోజనాల బల్ల!

మామయ్య: అచ్చంగా అదే. లావుపాటి కాళ్ళు చూడు, ఉబ్బెత్తుగా, ఆ కాలం బల్లలకు ఉండే కాళ్ళే. బల్ల కింద వీళ్ళు పడుకున్నారు. ఇది చూసి నవ్వని పిల్లవాణ్ణి నేను చూడలేదు. రాయి అలబాస్టర్, ఈ చుట్టుపక్కల జిల్లాల్లో తవ్వేవారు. మహా మెత్తన, గోటితో గీకినా గీత పడుతుంది. అందుకే చెక్కడం తేలిక, పాడు చేయడం ఇంకా తేలిక. మూడో ఎర్ల్‌వీ నాలుగో ఎర్ల్‌వీ లండన్‌లో చెక్కించారు. గెరార్డ్ జాన్సన్ అని హాలండ్ నుంచి వలస వచ్చిన శిల్పి. ఓడలో బోస్టన్ రేవు దాకా తెచ్చి, అక్కణ్ణించి బళ్ళ మీద తోలారు. ఆ శిల్పి కొడుకే స్ట్రాట్‌ఫర్డ్ చర్చిలో షేక్‌స్పియర్ బొమ్మ చెక్కాడంటారు.

మేనకోడలు: శిల్పం బాగానే ఉంది, కాదనను. నన్ను ఆపేసింది శిల్పం కాదు, ఈ రాత. ఆరో ఎర్ల్ గారి పదవులు, దేశాలు తిరగడం, పెళ్ళిళ్ళు అన్నీ వరసగా చెప్పుకొచ్చి, రెండో భార్య దగ్గరికి వచ్చేసరికి ఏమని రాశారో చూడండి. ఇద్దరు కొడుకులు పుట్టారట, ఇద్దరూ పసితనంలోనే దుష్టప్రయోగం వల్ల, మంత్రవిద్య వల్ల చనిపోయారట. చేతబడి! చర్చి లోపల, బలిపీఠం పక్కన, రాతి మీద.

మామయ్య: దీన్ని జనం మంత్రగత్తెల సమాధి అనే పిలుస్తారు. అది చూడటానికే వచ్చేవాళ్ళున్నారు.

మేనకోడలు: మంత్రగత్తెల సమాధి ఎలా అవుతుంది? వాళ్ళకి సమాధి ఎక్కడుంది?

మామయ్య: లేదు. ఆ కథ నీకు తెలుసా?

మేనకోడలు: రాత్రి మీ అలమరలో పుస్తకాలన్నీ కిందికి దించింది ఎందుకనుకున్నారు? జోన్ ఫ్లవర్, ఆమె కూతుళ్ళు మార్గరెట్, ఫిలిప్పా. కోటలో కూలికి పనిచేసేవాళ్ళు. మార్గరెట్‌కు కోళ్ళ దగ్గరా, బట్టలుతికే చోటా పని. వస్తువులు మాయమవుతున్నాయని ఆ పిల్లను పనిలోంచి తీసేశారు. తీసేస్తూ దొరసాని చేతికిచ్చింది నలభై షిల్లింగులు, ఒక తలగడ, ఒక ఉన్ని పరుపు. 1613లో పెద్దబ్బాయి హెన్రీ చనిపోయాడు. అయిదేళ్ళు గడిచాక, 1618 క్రిస్మస్ రోజుల్లో, ముగ్గురినీ పట్టుకున్నారు. పిల్లాడి కుడిచేతి తొడుగు దొంగిలించి, వేడినీళ్ళలో ముంచి, రటర్‌కిన్ అనే పిల్లి ఒంటి మీద రాసి, సూదులతో పొడిచి పాతిపెట్టారట. తొడుగు కుళ్ళినట్టే పిల్లాడి కాలేయం కుళ్ళాలని. ఒక పిల్లి, ఒక చేతి తొడుగు. ఇదీ కేసు.

మామయ్య: వాళ్ళే ఒప్పుకున్నారు కదా.

మేనకోడలు: ఎవరి ముందు ఒప్పుకున్నారు మామయ్యా? వాఙ్మూలం తీసుకున్న పెద్దమనుషుల వరసలో మొదటి పేరు ఎవరిది? ఈ పడుకున్నాయనదే. పిల్లవాడి తండ్రి! పక్కన ఆయన తమ్ముడు. ఫిర్యాదీ ఆయనే, దర్యాప్తు చేసేదీ ఆయనే. మా కోర్టుల్లో పోలీసు ముందు ఒప్పుకున్నదే చెల్లదు. ఇక్కడ ఊరంతా ఎవరి భూమి మీద బతుకుతోందో ఆయన ముందు ఒప్పుకుంటే చెల్లిందా?

మామయ్య: చెల్లిందని నేననలేదు. లింకన్‌లో విచారణ జరిగింది, 1619 మార్చిలో ఉరి తీశారు. 1604 నాటి చట్టం ప్రకారమే జరిగింది. ఆ చట్టం వచ్చి నూట ముప్పై ఏళ్ళు దాటాక గానీ దాన్ని తీసేయలేదు. ఆ కాలపు న్యాయాన్ని ఈ కాలపు కొలతతో కొలవడం తేలిక, అంతే నేననేది.

మేనకోడలు: సరే, ఆ కాలపు కొలతే తీసుకుందాం. తారీఖులు చూడండి. ఆడవాళ్ళని ఉరి తీసింది 1619 మార్చి. రెండో పిల్లవాడు ఫ్రాన్సిస్ ఎప్పుడు పోయాడు?

మామయ్య: ... 1620.

మేనకోడలు: మార్చి 1620. అంటే ఉరి తీసేనాటికి జబ్బు మీదున్నాడు గానీ బతికే ఉన్నాడు. మంత్రం వేసినవాళ్ళు పోయాక దాదాపు ఏడాది బతికి, అప్పుడు పోయాడు. వాళ్ళ నమ్మకం ప్రకారమే చూసినా మంత్రగత్తె పోతే మంత్రం విడిపోవాలి కదా. అయినా ఈ రాతి మీద ఇద్దరి చావూ వాళ్ళ ఖాతాలోనే రాశారు. ఏళ్ళు గడిచాక, తీరిగ్గా కూర్చుని.

ఇక్కడ మామయ్య కొంచెంసేపు మాట్లాడలేదు. ఆయన చరిత్ర బాగా చదివినవాడే. కానీ ఆ రెండు తారీఖులనూ పక్కపక్కన పెట్టి చూడలేదని నాకనిపించింది. ఇలాంటి సమాధుల్లో ఉన్న చమత్కారమే అది. అంత ఎత్తు, అంత రంగు, అన్ని బొమ్మలు ముందుంటే, లెక్క చూడాలన్న ఆలోచనే రాదు.

మేనకోడలు: ఇంకొకటి. కొడుకులిద్దరూ పోతే ఆస్తికి వారసురాలు ఎవరు? మొదటి భార్య కూతురు కేథరిన్. తమ్ముడు పోయిన రెండు నెలలకి, 1620 మేలో, ఆమెను పెళ్ళి చేసుకున్నదెవరు? జేమ్స్ రాజు గారి ప్రియమిత్రుడు బకింగ్‌హామ్. విషం పెట్టించాడేమో అన్న చరిత్రకారులు కూడా ఉన్నారు.

మామయ్య: అదిగో, అక్కడే నువ్వు వకీలు వేషం వేశావు. ఆధారం లేని మాట. నువ్వు కూడా ఆ ఎర్ల్ చేసిన పనే చేస్తున్నావు, చావు కనిపించగానే మనిషి కోసం వెతుకుతున్నావు. పిల్లలకు జ్వరం వచ్చి పోతారే అమ్మాయ్. ఆ కాలంలో మరీ పోయేవారు.

మేనకోడలు: సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటా. మిగతాది కాదు.

మామయ్య: మిగతాదే నేనూ మాట్లాడుతున్నా. ఎన్నో ఏళ్ళు పిల్లల వార్డులో పనిచేశాను. బిడ్డ పోయిందని చెప్పాక తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? ఎందుకు అని. తెలియదమ్మా, కొన్నిసార్లు ఇలా జరుగుతుంది అంటే ఒప్పుకోరు. నర్సు ఆలస్యంగా వచ్చిందా, అత్తగారు చల్లటి పాలు పట్టిందా, టీకా వేయించడం వల్లా... ఏదో ఒకటి కావాలి. కారణం లేని చావు మనిషి భరించలేడు. ఈ రాయి నాకు అలాగే కనిపిస్తుంది. అబద్ధమే, కానీ దుఃఖంలోంచి వచ్చిన అబద్ధం. ఆయన నిజంగానే నమ్మాడు.

మేనకోడలు: నమ్మాడనే నేనూ అనుకుంటున్నా. మీ వార్డులో తండ్రి నర్సు మీద అరిచి ఊరుకున్నాడు మామయ్యా. ఈయన చేతిలో కోర్టు ఉంది. మన ఊళ్ళలో బాణామతి అని ముసలమ్మను పట్టుకుని పళ్ళూడగొట్టినవాళ్ళకి కూడా ఇంట్లో ఎవరో పోయి ఉంటారు, దుఃఖం ఉండే ఉంటుంది. ఆ ముసలమ్మను తప్పుపడుతూ గుళ్ళో శాసనం వేయించుకుంటామంటే ఒప్పుకుంటామా?

మామయ్య: ఇప్పుడు వేయిస్తే ఒప్పుకోం. నాలుగు వందల ఏళ్ళ కింద వేయించింది పీకేస్తామా?

మేనకోడలు: పీకమని నేను అన్నానా?

మామయ్య: మరి?

మేనకోడలు: ఈ ఎదురు గోడ మీద చిన్న రాతి పలక. మూడు పేర్లు, ఏం జరిగిందో రెండు వాక్యాలు. అంతే.

మామయ్య: అంతే అంటావు. నీకు ఈ గోడల సంగతి తెలియదు. ఇక్కడ మేకు కొట్టాలన్నా డయోసీస్ ఛాన్సలర్ దగ్గర అనుమతి తీసుకోవాలి. ఫ్యాకల్టీ అంటారు దాన్ని. చర్చికి సొంత కోర్టు ఉంది, కన్సిస్టరీ కోర్టు, ఇంకా నడుస్తోంది. పైగా ఇది మొదటి గ్రేడు రక్షిత కట్టడం. ఇంకో విశేషం చెప్పనా? గోడ చర్చిది, నేల చర్చిది, సమాధి మాత్రం చర్చిది కాదు. ఎవరి పేరున కట్టారో వాళ్ళ వారసులది. బయట ఆవరణలో ఉన్న రాళ్ళు కూడా అంతే. నేల మీద హక్కు ఎవరికీ లేదు, రాయి మీద హక్కు మాత్రం వారసులకు ఉంటుంది. ఎంత పాతదైనా.

మేనకోడలు: ఫ్లవర్ కుటుంబానికి రాయే లేదు కాబట్టి వారసులూ లేరు, హక్కూ లేదు. బాగుంది ఏర్పాటు.

మామయ్య: వెటకారం వద్దు. బీదవాళ్ళెవరికీ లేదు ఆ రోజుల్లో. బయట ఆవరణలో ఇప్పుడు కనిపించే రాళ్ళు ఎక్కువ భాగం తర్వాతి కాలానివి. అంతకుముందు ఊరి జనమంతా బట్టలో చుట్టి పాతిపెట్టడమే, గుర్తు లేదు. అదే చోట మళ్ళీ మళ్ళీ తవ్వి పాతేవారు. చాలా చర్చిల్లో చూడు, ఆవరణ నేల నడిచే దారి కంటే ఎత్తుగా ఉంటుంది. అది మట్టి వల్ల కాదు. మనుషుల వల్ల.

మేనకోడలు: మరి లోపల పడుకోవడానికి ఎవరు అనుమతిచ్చారు వీళ్ళకి?

మామయ్య: పూర్వం దానికో లెక్క ఉండేది. బలిపీఠానికి ఎంత దగ్గరుంటే ఆత్మకు అంత మంచిది. చనిపోయినవాళ్ళ కోసం రోజూ ప్రార్థన చేయడానికి డబ్బిచ్చి పూజారులను పెట్టేవారు. ఛాంట్రీలనేవారు వాటిని. పాత సమాధి మీద రాత దారిన పోయేవాడిని అడిగేది, నా కోసం ప్రార్థించు అని. మతం మారింది, 1547లో ఛాంట్రీలన్నీ రద్దు చేశారు. చచ్చినవాడి కోసం ప్రార్థన అడగడమే తప్పయిపోయింది. కానీ రాయి పెట్టడం మానరు కదా జనం. ఇంక దాని మీద ఏం రాయాలి? వంశం, పదవి, పెళ్ళి, పిల్లలు.

మేనకోడలు: బయోడేటా.

మామయ్య: నువ్వు అలాగే అను. నేను మాత్రం ఆ మార్పు ఈ ఒక్క గదిలో చూస్తాను. వరసగా ఒక్కో తరం. అదిగో ఆ మూల, కవచంతో ఉన్న ఇద్దరూ వీళ్ళకు ముందు కోటను ఏలిన రాస్ వంశం వాళ్ళు, 1400ల నాటివాళ్ళు. మఠాలు మూసేశాక వాళ్ళ సమాధులు ఇక్కడికి చేరాయి. ఇటు చివర ఏడో ఎర్ల్, ఎనిమిదో ఎర్ల్, గ్రిన్లింగ్ గిబ్బన్స్ పని. రోమన్ వేషాల్లో నిలబడ్డారు. పడుకున్నవాళ్ళు లేచి నిలబడటానికి రెండు వందల డెబ్బై ఏళ్ళు పట్టింది! ఇంత వరస మరో పల్లె చర్చిలో దొరకడం కష్టం. దీనికి ఎదురుగా ఇంకో పలక తగిలిస్తే ఈ పుస్తకంలో మనం ఇంకు పోసినట్టే.

మేనకోడలు: పుస్తకంలో తరవాతి పేజీ రాసినట్టు. వీళ్ళూ ఒకరి తర్వాత ఒకరు తగిలించుకుంటూ పోయిందేగా. ఎనిమిదిమంది ఎర్ల్‌లకు దొరికిన గోడ ముగ్గురు కూలి ఆడవాళ్ళకు దొరకదా?

(ఈ దెబ్బకు మామయ్య దగ్గర జవాబు లేదనే నా అభిప్రాయం. ఆయన మాత్రం ఉందనుకున్నాడు.)

మామయ్య: ఆలోచించు. ఈ రాయే లేకపోతే ఆ ముగ్గురి సంగతి ఈరోజు ఎవడికి తెలుసు? ఇంగ్లండులో మంత్రగత్తెలని ఎంతోమందిని ఉరి తీశారు, వాళ్ళ పేర్లు ఎవరికి గుర్తున్నాయి? ఎర్ల్ గారు తన నోటితోనే తనమీద సాక్ష్యం చెప్పుకున్నాడు. అది అలా ఒంటరిగా ఉండటమే దానికి శిక్ష.

మేనకోడలు: ఏదీ, ఆ పేర్లు నాకు చూపించండి రాతి మీద.

మామయ్య: పేర్లు...

మేనకోడలు: లేవు. మళ్ళీ చదవండి. దుష్టప్రయోగం అన్నారు, మంత్రవిద్య అన్నారు. చేసిందెవరో లేదు. పేర్లు దొరికింది 1619లో లండన్‌లో అచ్చేసిన కరపత్రంలో, అదీ చవగ్గా అమ్ముకోవడానికి వేసింది. ఈ రాయి వాళ్ళను గుర్తు పెట్టలేదు మామయ్యా. నేరం మాత్రం గుర్తు పెట్టింది, మనుషులను కాదు.

మామయ్య: సరే, ఆ పాయింటు నీదే. కానీ పలక పెట్టినచోట ఏమవుతుందో చూశాం. డార్చెస్టర్ సంగతి విన్నావా?

మేనకోడలు: సెయింట్ పీటర్స్ చర్చి. జాన్ గోర్డన్ అని జమైకాలో తోటల యజమాని. 1760లో అక్కడి బానిసల తిరుగుబాటును అణచడంలో వీరుడని పొగుడుతూ గోడ మీద రాయి. 2020లో దానికి ముసుగు వేశారు. 2022లో చర్చి కోర్టు ఒప్పుకుంది, తీసి మ్యూజియానికి ఇచ్చేయమని.

మామయ్య: అదే ఏడాది కేంబ్రిడ్జిలో జీసస్ కాలేజీ వాళ్ళు తమ ప్రార్థనామందిరంలోంచి టోబియస్ రస్టాట్ స్మారకం తీసేస్తామని వెళ్ళారు. బానిసల వ్యాపారం చేసే కంపెనీలో పెట్టుబడి పెట్టినవాడు. కోర్టు ఒప్పుకోలేదు. ఆయన సొమ్ము ఎక్కడిదో మీరు తప్పుగా చెబుతున్నారు అంది. ఆ స్మారకం కూడా గిబ్బన్స్ చేతిదే అంటారు, ఇక్కడ ఏడో ఎర్ల్‌ని చెక్కినవాడే. చూశావా, చట్టం ఒకటే, ఏడాది ఒకటే, తీర్పులు రెండు.

మేనకోడలు: రెండూ తీసేసే కేసులు. నాది పెట్టే కేసు. పోలిక కుదరదు. స్కాట్లండులో 2022లో ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు, మంత్రగత్తెలన్న పేరుతో చంపబడినవాళ్ళకి. నార్వేలో వార్డో అనే ఊళ్ళో 2011లో స్మారకం కట్టారు, 91 మందికి, ఒక్కొక్కరి పేరునా ఒక్కో దీపం. ఇక్కడ నేను అడుగుతున్నది కాగితమంత పలక.

మామయ్య: నార్వేలో సముద్రం ఒడ్డున కట్టారు. చర్చి లోపల కాదు. జోన్ ఫ్లవర్ చర్చికి వచ్చేది కాదని, దేవుడు లేడనేదని ఆమె మీద ఉన్న మొదటి ఫిర్యాదే అది. ఆమెను తెచ్చి బలిపీఠం ముందు కూర్చోబెట్టడం ఆమెకిష్టమో కాదో?

మేనకోడలు: అదీ ఆ కరపత్రం చెప్పిన మాటే. లింకన్‌కు తీసుకెళ్తుంటే దారిలో ఆంకస్టర్ దగ్గర రొట్టె అడిగి తీసుకుందట. నేను తప్పు చేసుంటే ఇది నా గొంతు దిగకూడదు అందట. తిని చచ్చిపోయిందట. దేవుడు లేడనుకునే మనిషి దేవుడి మీద ప్రమాణం ఎందుకు చేస్తుంది? శత్రువులు రాసిన రాతలో కూడా ఆవిడ చివరి మాట దేవుడికి చెప్పుకున్నదే.

మామయ్య చర్చి లోపలే వెనక బెంచీ మీద కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పులు. మేనకోడలు పక్కనే కూర్చుని సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసిచ్చింది. కాసేపు మాట క్లైవ్ మీదికి పోయింది. ష్రాప్‌షైర్‌లో మోర్టన్ సే అనే పల్లె చర్చిలో 1774లో ఆయన్ని పాతిపెట్టి, ఎక్కడ పాతారో గుర్తు కూడా పెట్టలేదు. ఆత్మహత్య అని అప్పుడే గుసగుసలు. తర్వాతెప్పుడో ఇండియాలో మొదటివాడని లాటిన్‌లో రాసి ఇత్తడి రేకు తగిలించారు. మన సర్కారు జిల్లాలను 1765లో పాదుషా చేత కంపెనీకి రాయించిన మనిషి ఈ రాళ్ళ లెక్కలో జోన్ ఫ్లవర్ వరసలోకి వచ్చాడని మేనకోడలు నవ్వింది. రేకు దొరికిందిగా అన్నాడు మామయ్య. నిజమే, దొరికింది.

మేనకోడలు: మీకు ఈ రాళ్ళ మీద ఇంత ప్రేమేమిటి మామయ్యా? మనకు రాయెక్కడిది? కాల్చి, నదిలో కలిపి వచ్చేస్తాం.

మామయ్య: నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కాటన్ దొర సమాధి చూడటానికి డార్కింగ్ వెళ్ళినప్పుడు బుద్ధి మారింది. 1899లో పోయాడు. అప్పటికి ఊళ్ళలో చర్చి ఆవరణలు నిండిపోయి, చట్టం చేసి మూసేస్తున్నారు, ఆయన ఉన్నది ఊరి శ్మశానంలో. గోదావరి జిల్లాల వాళ్ళు వచ్చి దండేసి వెళ్తుంటారు. ఆయన కట్టించిన ఆనకట్ట చూడని వాడెవడైనా ఉన్నాడా? అయినా వచ్చి రాయి దగ్గర నిలబడతారు. నిలబడటానికి ఒక చోటు కావాలి మనిషికి. నాకూ కావాలనిపించింది.

మేనకోడలు: ఎక్కడ?

మామయ్య: ఇక్కడే, చోటిస్తే. పారిష్‌లో నివాసం ఉన్నవాడికి ఏ మతమైనా సరే, తెరిచి ఉన్న చర్చి ఆవరణలో పూడ్పించుకునే హక్కుంది. బూడిదైనా సరే. రూల్సు కాగితం తెచ్చుకున్నా. నిగనిగలాడే నల్ల గ్రానైటు కుదరదు. ఫొటో కుదరదు. ఎత్తు నాలుగడుగులు మించకూడదు. మన ఒంగోలు వాళ్ళ గ్రానైటు ఇక్కడి సమాధుల దుకాణాల్లో దొరుకుతుందేమో గానీ చర్చిలోకి మాత్రం రాదు.

మేనకోడలు: అత్తయ్యకు తెలుసా ఈ సంగతి?

మామయ్య: నీకే మొదట చెప్పడం.

మేనకోడలు: రాయి మీద ఏం రాయిస్తారు?

మామయ్య: నేను రాయించేదేముంది, చచ్చాక. మీరే రాయించాలి. పేరు, ఊరు, సంవత్సరాలు చాలు.

మేనకోడలు: అంటే నేనేం రాయిస్తే అది. మీరు పిల్లల డాక్టరని రాయించినా, ఆస్తి కోసం అన్నదమ్ములతో పోట్లాడాడని రాయించినా.

మామయ్య: నువ్వు రాయిస్తావు, ఛాన్సలర్ ఒప్పుకోడు. అందుకేగా రూల్సు.

మేనకోడలు: ఆరో ఎర్ల్ రాతకు ఇప్పుడు ఫ్యాకల్టీ అడిగితే ఇస్తాడా?

మామయ్య: ... ఇవ్వడు. ఫలానావాళ్ళు నా బిడ్డను చంపారని రాస్తానంటే ఏ ఛాన్సలరూ ఇవ్వడు.

మేనకోడలు: మరి అర్జీ పెడదాం. ఎలా పెట్టాలి?

మామయ్య: నువ్వు పెట్టలేవు. పారిష్‌లో నివాసం ఉన్నవాళ్ళో, సభ్యుల జాబితాలో ఉన్నవాళ్ళో, చర్చి కౌన్సిలో పెట్టాలి. లేదా ఛాన్సలర్‌కి నీకు తగిన సంబంధం ఉందనిపించాలి. హైదరాబాదు వకీలుకు ఏం సంబంధం?

మేనకోడలు: మీకు నివాసం ఉంది.

మామయ్య: నాకు ఉంది. ఇష్టం లేదు.

మేనకోడలు: తారీఖులు చూశాక కూడానా?

ఆయన లేచి మళ్ళీ సమాధి దగ్గరికి వెళ్ళాడు. కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆ వరసను ఇంకోసారి చదివాడు. మేనకోడలు ఈలోగా ఫోనులో ఏదో టైపు చేసింది.

మామయ్య: ఏం రాశావో చదువు.

మేనకోడలు: జోన్ ఫ్లవర్, మార్గరెట్ ఫ్లవర్, ఫిలిప్పా ఫ్లవర్, ఈ ప్రాంతం వారు, చేయని నేరానికి 1619లో అన్యాయంగా ఉరి తీయబడిన అమాయకులు.

మామయ్య: తప్పు. జోన్‌ని ఉరి తీయలేదు. ఆంకస్టర్‌లో చనిపోయింది. ఎర్ల్ రాతలో తప్పుంది అని పెట్టే పలకలోనే తప్పుంటే ఛాన్సలర్ నవ్వుతాడు.

మేనకోడలు: మారుస్తా. జోన్ దారిలో మరణించింది, కూతుళ్ళిద్దరిని ఉరి తీశారు.

మామయ్య: అమాయకులు అన్నది తీసెయ్. అన్యాయంగా అన్నదీ తీసెయ్. మూడు పేర్లు, కూతుళ్ళిద్దరిని ఉరి తీసింది 1619 మార్చి. దాని కింద, ఎర్ల్ రెండో కుమారుడు ఫ్రాన్సిస్ మరణం, 1620 మార్చి. ఇంకేమీ వద్దు. చదివేవాడు ఇటు తిరిగి అటు చూస్తాడు, లెక్క వాడే కట్టుకుంటాడు.

మేనకోడలు: కట్టుకోడు. ఇన్నాళ్ళు మీరు కట్టారా?

మామయ్య: నేను ఈ పక్క పలక లేక కట్టలేదు.

మేనకోడలు: అన్యాయం అన్న మాట ఉండాల్సిందే మామయ్యా. అది లేకపోతే ఇదొక టైం టేబులు. నాలుగు వందల ఏళ్ళుగా ఆ గోడ దుష్టులు అని అంటోంది, ఈ గోడ మర్యాదగా తారీఖులు చదవాలా?

మామయ్య: ఆ మాట తీస్తే సంతకం పెడతా. ఉంచితే పెట్టను. పెట్టకపోవడమే కాదు, నువ్వు ఊళ్ళో ఇంకెవరి చేతనైనా పెట్టిస్తే చర్చి తలుపు మీద నోటీసు ఇరవై ఎనిమిది రోజులు ఉంటుంది. నేనే అభ్యంతరం రాసి పంపిస్తా.

మేనకోడలు: పంపండి. వికార్ గారింటికి దారి ఎటు?